ఐపీ పెట్టే ముందు ఆరు నెలలు: ఏ పని ఎప్పుడు చేయాలి?

‘‘ఫలానా ఆయన ఐపీ పెట్టాడంట.’’ డోన్‌లోనే కాదు, కర్నూలు, కడప వైపు ఏ ఊళ్లోనైనా ఈ మాట వినగానే అప్పు ఇచ్చినవాళ్ల గుండె జారుతుంది. అప్పు తీసుకున్నవాళ్లలో మాత్రం చాలామందికి ఇదొక ఆఖరి మందులా కనిపిస్తుంది. లాయర్‌తో ఒక నోటీసు ఇప్పిస్తే అప్పులన్నీ పోతాయని, వడ్డీకి ఇచ్చినవాళ్లు ఇక గడప తొక్కరని నమ్ముతారు.

ఈ నమ్మకంలో నిజం కొంతే. ఐపీ అంటే అప్పుల రద్దు కాదు. నా దగ్గర ఉన్నది తీసుకుని అందరికీ పంచండి, నన్ను వదిలేయండి అని కోర్టును కోరడం. కోర్టు వదిలేస్తుందా లేదా అన్నది పిటిషన్ వేసిన రోజు తర్వాత జరిగే వాటి మీదే కాదు, అంతకు ముందు మూడు నెలల్లో, రెండేళ్లలో మీరు ఏం చేశారన్న దాని మీద కూడా ఆధారపడి ఉంటుంది. అందుకే ముందు సలహా, తర్వాత పిటిషన్. ఈ వరుస తిరగబడితే ఇల్లు, పొలంతో పాటు కేసు కూడా చేజారుతుంది.

అసలు ఐపీ అంటే ఏంటి?

ఐపీ అంటే ఇన్‌సాల్వెన్సీ పిటిషన్. దివాలా పిటిషన్ అన్నమాట. దీనికి ఆధారం బ్రిటిష్ కాలం నాటి ప్రావిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ యాక్ట్, 1920. వందేళ్లు దాటినా మన జిల్లాల్లో మామూలు మనిషి అప్పులకు ఇప్పటికీ ఇదే చట్టం.

2016లో ఇన్‌సాల్వెన్సీ అండ్ బ్యాంక్రప్సీ కోడ్ వచ్చింది కదా అని సందేహం రావచ్చు. అందులో వ్యక్తుల దివాలాకు ప్రత్యేక భాగం ఉంది. కానీ 2019 డిసెంబర్ 1 నుంచి దాన్ని కంపెనీల అప్పులకు వ్యక్తిగత హామీ ఇచ్చినవారికి మాత్రమే అమల్లోకి తెచ్చారు. మీ పాలిష్ ఫ్యాక్టరీ ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అయి, దాని బ్యాంకు రుణానికి మీరు సొంతంగా హామీ సంతకం పెట్టి ఉంటే ఆ దారి వేరు. చిల్లర వ్యాపారి, రైతు, ఉద్యోగి తమ సొంత అప్పులకు వెళ్లాల్సింది 1920 చట్టం కిందకే.

ఎవరు వేయొచ్చు? ఎక్కడ వేయాలి?

అప్పులు తీర్చలేని స్థితిలో ఉండి, కింది మూడింటిలో ఒకటైనా వర్తించాలి. మొత్తం అప్పు 500 రూపాయలు దాటి ఉండటం, డబ్బు డిక్రీ కింద అరెస్టయి ఉండటం, డిక్రీ అమలులో ఆస్తి జప్తుకు ఉత్తర్వు వచ్చి ఉండటం. 500 రూపాయలన్నది 1920 నాటి లెక్క కాబట్టి ఈ రోజు అది ఎవరికీ అడ్డంకి కాదు. తీర్చలేని స్థితికి పిటిషన్ దశలో ప్రాథమిక ఆధారాలు చూపిస్తే చాలు.

మీరు నివసించే లేదా పని చేసుకునే ప్రాంతం మీద అధికారం ఉన్న కోర్టులో వేయాలి. చట్టం ఈ అధికారాన్ని జిల్లా కోర్టుకు, ప్రభుత్వం అధికారం ఇచ్చిన కింది కోర్టులకు ఇచ్చింది. ఆచరణలో ఇవి ఎక్కువగా సీనియర్ సివిల్ జడ్జి కోర్టుల్లో నడుస్తాయి. డోన్ 2022 ఏప్రిల్‌లో కర్నూలు జిల్లా నుంచి నంద్యాల జిల్లాలోకి మారింది. రెవెన్యూ జిల్లా మారినంత మాత్రాన కోర్టు పరిధి దానంతటదే మారదు. కాబట్టి పిటిషన్ ఏ కోర్టులో వేయాలో స్థానిక న్యాయవాదిని అడిగి నిర్ధారించుకోవాలి.

ముందు సలహా తీసుకోవడం తప్పనిసరా?

మన చట్టంలో కాదు. అమెరికాలో తప్పనిసరి. 2005లో అక్కడ దివాలా చట్టాన్ని సవరించి, వ్యక్తులు పిటిషన్ వేసే ముందు 180 రోజుల్లోపు గుర్తింపు పొందిన సంస్థ దగ్గర క్రెడిట్ కౌన్సెలింగ్ తీసుకోవాలన్న నిబంధన పెట్టారు. ఫోన్‌లోనో ఆన్‌లైన్‌లోనో తీసుకున్నా సరే, సర్టిఫికెట్ ఉండాలి. 180 రోజులు దాటితే ఆ సర్టిఫికెట్ చెల్లదు, మళ్లీ తీసుకోవాలి. పిటిషన్ వేశాక డబ్బు నిర్వహణపై ఇంకో కోర్సు పూర్తి చేస్తేగానీ అప్పుల నుంచి విడుదల రాదు. అక్కడ ఉద్యోగం పోయి క్రెడిట్ కార్డు అప్పుల్లో ఉన్న మనవాళ్లు ముందుగా చూసుకోవాల్సింది ఈ తేదీనే.

ఇక్కడ అలాంటి సర్టిఫికెట్ ఎవరూ అడగరు. అయితే ఆ కౌన్సెలింగ్‌లో అడిగే ప్రశ్నలనే మన కోర్టులో జడ్జి, రిసీవర్, అప్పులోళ్ల లాయర్ అడుగుతారు. ఎవరికి ఎంత ఇవ్వాలి? ఆదాయం ఎంత? ఆస్తి ఏమైంది? డబ్బు ఎటు పోయింది? వీటికి కాగితాల మీద సమాధానం సిద్ధం చేసుకోవడానికి ఆరు నెలల సమయం పెట్టుకోవడం మంచిది. ఇది చట్టం పెట్టిన గడువు కాదు, పనులన్నీ వరుసలో జరగడానికి వేసుకున్న లెక్క.

చట్టం వెనక్కి చూసే మూడు గడువులు

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఇది ఊహించినదే. డోన్‌లో నాపరాళ్ల వ్యాపారం చేసే ఒకాయనకు బంగారం తాకట్టు మీద 2 లక్షలు, ప్రాంసరీ నోట్ల మీద 9 లక్షలు, సరుకు ఇచ్చినవారికి 2 లక్షలు, చీటీ బాకీ 1 లక్ష ఉన్నాయి. మొత్తం 14 లక్షలు. తాకట్టు తీసేస్తే హామీ లేని అప్పు 12 లక్షలు. నోట్ల అప్పుకు నూటికి రెండు రూపాయల వడ్డీ అనుకున్నా నెలకు 18 వేలు, ఏడాదికి 2 లక్షల 16 వేలు వడ్డీకే పోతాయి. ఆయనకున్నవి 4 లక్షల విలువైన మెట్ట పొలం, లక్ష విలువైన మిషన్.

వడ్డీకి ఇచ్చినవాళ్ల ఒత్తిడి పెరిగేసరికి ఆయన నాలుగు పనులు చేశాడు. పొలాన్ని భార్య పేర గిఫ్ట్ డీడ్ రాశాడు. మిగిలిన చేతి డబ్బు 2 లక్షలు బావమరిదికి కట్టేశాడు. పాత నోట్ల వెనక చెల్లు రాసి సంతకాలు పెట్టాడు. ఫోన్ ఆపేసి హైదరాబాద్ వెళ్లిపోయాడు. తర్వాత నెలకు వచ్చి ఐపీ వేశాడు. చాలా ఊళ్లలో వినిపించే కథే ఇది. ఇందులో ప్రతి పనికీ చట్టంలో ఒక లెక్క ఉంది.

మొదటిది రెండేళ్ల గడువు. ఆస్తి బదిలీ చేసిన రెండేళ్లలోపు వేసిన పిటిషన్ మీద దివాలా ప్రకటన వస్తే, ఆ బదిలీని రద్దు చేయమని రిసీవర్ కోరవచ్చు. నిజమైన ధరకు మంచి నమ్మకంతో కొన్నవారికి, పెళ్లి సందర్భంగా పెళ్లికి ముందు రాసిచ్చిన ఆస్తికి మినహాయింపు ఉంది. అప్పులు మీద పడ్డాక భార్యకు ఉత్తినే రాసిన గిఫ్ట్ డీడ్‌కు ఆ మినహాయింపు లేదు. అలాగైతే రెండేళ్లు ఆగి వేద్దాం అనుకున్నా లాభం లేదు. అప్పులోళ్లను ఎగ్గొట్టే ఉద్దేశంతో చేసిన బదిలీని ఆస్తి బదిలీ చట్టం కింద విడిగానూ సవాలు చేయవచ్చు.

రెండోది మూడు నెలల గడువు. అందరికీ బాకీ ఉండగా ఒక్కరికే మేలు చేయాలన్న ఉద్దేశంతో కట్టిన డబ్బు, ఆ తర్వాత మూడు నెలల్లోపు పిటిషన్ పడితే చెల్లకుండా పోవచ్చు. బావమరిది దగ్గర నుంచి ఆ 2 లక్షలు వెనక్కి రాబట్టమని రిసీవర్ అడుగుతాడు. బంధువును కాపాడబోయి కోర్టు మెట్లెక్కించినట్టవుతుంది.

మూడోది లెక్కల పుస్తకాలది. వ్యాపారం చేసేవారు దివాలాకు ముందు మూడేళ్లలో సరైన ఖాతా పుస్తకాలు పెట్టకపోతే, పూర్తి విడుదల ఇవ్వకుండా ఆపడానికి అదొక కారణం. జూదం, దుబారా, తీర్చే ఆశ లేదని తెలిసీ చేసిన అప్పు కూడా ఈ జాబితాలోనే ఉన్నాయి.

నోటీసుతోనే గండం

‘‘ముందు ఐపీ నోటీసు ఇప్పిద్దాం, వాళ్లే దిగొస్తారు’’ అన్న సలహా తరచూ వినిపిస్తుంది. నేను చెల్లింపులు ఆపేశాను, లేదా ఆపబోతున్నాను అని అప్పు ఇచ్చినవారికి నోటీసు ఇవ్వడాన్నే చట్టం ‘దివాలా చర్య’గా లెక్కిస్తుంది. వారిని తప్పించుకునే ఉద్దేశంతో ఇల్లు వదిలి వెళ్లడమూ అంతే. దాన్ని పట్టుకుని మూడు నెలల్లోపు వాళ్లే మీ మీద దివాలా పిటిషన్ వేయవచ్చు. అప్పుడు తేదీ మీ చేతిలో ఉండదు.

ఇంకో సంగతి. ఒకసారి వేసిన పిటిషన్‌ను కోర్టు అనుమతి లేకుండా వెనక్కి తీసుకోలేరు. బెదిరించడానికి వేసి, రాజీ కుదిరితే తీసేద్దాం అనుకోవడం పొరపాటు.

నోట్ల వెనక పెట్టిన సంతకాల మాటేంటి? కోరినప్పుడు చెల్లించే ప్రాంసరీ నోటు మీద దావాకు గడువు నోటు తేదీ నుంచి మూడేళ్లు. ఆ గడువు ముగియకముందే కొంత కట్టి చెల్లు రాసి సంతకం పెట్టినా, బాకీ ఉందని రాతపూర్వకంగా ఒప్పుకున్నా అక్కడి నుంచి మళ్లీ మూడేళ్లు మొదలవుతాయి. ఒత్తిడిలో సంతకం పెట్టే ముందు నోటు తేదీ చూడండి. సలహాకు వెళ్లేటప్పుడు ఏ నోటు ఏ తేదీదో రాసుకెళ్లండి.

ఆరు నెలల్లో ఏ నెల ఏ పని?

మొదటి నెల: ఒక పుస్తకంలో అప్పుల పట్టిక రాయండి. ఎవరికి, ఏ తేదీన, అసలు ఎంత, వడ్డీ ఎంత, ఇప్పటిదాకా కట్టింది ఎంత, తాకట్టు ఏముంది, జామీను ఎవరు. క్రెడిట్ బ్యూరోలు ఒక్కొక్కటి ఏడాదికి ఒకసారి ఉచితంగా పూర్తి రిపోర్టు ఇవ్వాలి. అది తెప్పించుకుంటే బ్యాంకు, ఫైనాన్స్, లోన్ యాప్ అప్పులు బయటపడతాయి. ఈ నెల నుంచి పాత అప్పు తీర్చడానికి కొత్త అప్పు చేయొద్దు. ఆస్తి కాగితాలు ఎవరి పేరకూ మార్చొద్దు.

రెండో నెల: బ్యాంకుకు, కౌన్సెలింగ్‌కు వెళ్లండి. రిజర్వ్ బ్యాంకు 2009లో ఆర్థిక అక్షరాస్యత, రుణ సలహా కేంద్రాల పథకం తెచ్చింది. 2012లో వాటిని ఆర్థిక అక్షరాస్యత కేంద్రాలుగా మార్చింది. ఇక్కడ సలహాకు ఫీజు లేదు. మీకు దగ్గర్లోని కేంద్రం ఎక్కడో మీ బ్యాంకు బ్రాంచిలో గానీ, జిల్లా లీడ్ బ్యాంకు మేనేజర్ కార్యాలయంలో గానీ చెబుతారు. బ్యాంకు రుణాన్ని రీషెడ్యూల్ చేయమని అడగాల్సిందీ ఈ నెలలోనే. మామూలు రుణం 90 రోజులు బకాయి పడితే మొండి బకాయి అవుతుంది. స్వల్పకాలిక పంటల రుణాలకు రెండు పంట కాలాల గడువుంది. ఆ గీత దాటకముందు అడిగితే దొరికే వెసులుబాటు దాటాక దొరకడం కష్టం. అర్జీ రాసి ఇచ్చి రసీదు తీసుకోండి. బ్యాంకు 30 రోజుల్లో స్పందించకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. సమాచారానికి నంబర్ 14448.

కౌన్సెలర్ ఏం చేయలేరో కూడా తెలుసుకోవాలి. చేబదులు ఇచ్చిన మనిషిని, వడ్డీ వ్యాపారిని తగ్గించుకోమని శాసించే అధికారం ఆ కేంద్రానికి లేదు. కుటుంబ ఆదాయం, ఖర్చు పక్కపక్కన పెట్టి ఏ అప్పు ఎప్పటికి తీరుతుందో, ఏది అసలు తీరదో చూపించగలరు. ఆ కాగితమే తర్వాత లాయర్‌కు, కోర్టుకు పనికొస్తుంది.

మూడు, నాలుగు నెలలు: ప్రైవేటు అప్పుల వాళ్లతో మాట్లాడండి. పెద్దమనుషుల సమక్షంలో కూర్చున్నా ఒప్పుకున్నది కాగితం మీదికి రావాలి, నోటు వెనక్కి రావాలి. లోక్ అదాలత్ ఇంకా మేలు. కేసు వేయకముందే అక్కడికి వెళ్లొచ్చు. అక్కడి అవార్డుకు కోర్టు డిక్రీతో సమానమైన బలం ఉంటుంది, దాని మీద అప్పీలు లేదు. కాబట్టి కట్టగలిగిన వాయిదాకే ఒప్పుకోండి.

ఐదో నెల: లెక్క తేల్చండి. ఇంటి ఖర్చు పోను మిగిలే డబ్బుతో నాలుగైదేళ్లలో అప్పులు తీరే దారి ఉంటే ఐపీ అవసరం లేదు. వడ్డీకి కూడా చాలకపోతే ఐపీ గురించి ఆలోచించాల్సిందే.

ఆరో నెల: న్యాయవాది, పిటిషన్. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా, తక్కువ ఆదాయం ఉన్న ఇతరులకూ న్యాయ సేవా సంస్థల ద్వారా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. నంబర్ 15100. పిటిషన్‌లో అప్పులోళ్లందరి పేర్లు, చిరునామాలు, మొత్తాలు, మీ ఆస్తి మొత్తం, దాని విలువ రాయాలి. ఇంతకుముందు ఐపీ వేసి ఉంటే అదీ చెప్పాలి. ఒక్కరిని దాచినా, ఒక్క సెంటు దాచినా నమ్మకం పోతుంది. మోసపూరితంగా ఆస్తిని, పుస్తకాలను దాచితే ఏడాది వరకు జైలు శిక్ష పడొచ్చు.

ఆరు నెలలు ఆగలేని పరిస్థితి ఉంటే?

దావా సమన్లు వచ్చాక ఈ క్యాలెండర్ పక్కన పెట్టాలి. సమన్లు అందిన 30 రోజుల్లో జవాబు దాఖలు చేయాలి. వదిలేస్తే ఏకపక్ష డిక్రీ వస్తుంది. డిక్రీ వచ్చి ఆస్తి వేలానికి వస్తే మరీ తొందర అవసరం. మీ పిటిషన్‌ను కోర్టు స్వీకరించకముందే వేలం పూర్తయి డబ్బు వస్తే, అది డిక్రీ ఉన్న ఆ ఒక్కరికే పోతుంది. ముందే స్వీకరిస్తే ఆ ఆస్తి రిసీవర్ చేతికి వచ్చి అందరికీ పంపకం అవుతుంది. తొందరపడితే ఒక నష్టం, ఆలస్యమైతే ఇంకో నష్టం అన్నది ఇందుకే.

అరెస్టు భయం గురించి ఒక మాట. డబ్బు డిక్రీ కింద సివిల్ జైలుకు పంపొచ్చు గానీ, మహిళలను పంపకూడదు. నిజంగా స్తోమత లేనివారిని కేవలం బాకీ కట్టలేదని జైలుకు పంపకూడదని సుప్రీంకోర్టు 1980లోనే జాలీ జార్జ్ వర్గీస్ కేసులో చెప్పింది. దివాలా ప్రకటన వచ్చాక అరెస్టు నుంచి రక్షణ ఇవ్వమని కూడా కోర్టును కోరవచ్చు.

ఏది పోతుంది? ఏది మిగులుతుంది?

దివాలాగా ప్రకటించాక మీ ఆస్తి కోర్టుకు లేదా రిసీవర్‌కు చెందుతుంది. ఆ ప్రకటన పిటిషన్ వేసిన తేదీ నుంచే అమల్లో ఉన్నట్టు లెక్క. విడుదల వచ్చేలోపు కొత్తగా సంపాదించిన ఆస్తి కూడా అందులోకే పోతుంది. సివిల్ ప్రొసీజర్ కోడ్ జప్తు నుంచి మినహాయించినవి మాత్రం మీవే. రైతు, కూలీ సొంతంగా ఉంటున్న ఇల్లు, సేద్యపు పనిముట్లు, ఎద్దులు, విత్తనాలు, చేతివృత్తి పనివారి పరికరాలు ఇందులోకి వస్తాయి. వ్యాపారి ఇంటికి ఈ రక్షణ లేదు.

తాకట్టు పెట్టుకున్నవారిని ఐపీ ఆపదు. బంగారం పెట్టుకున్న బ్యాంకు దాన్ని అమ్ముకోవచ్చు. చెక్ బౌన్స్ క్రిమినల్ కేసు కూడా ఐపీ వేసినంత మాత్రాన పోదు. ప్రభుత్వ బకాయిలు, మోసం చేసి తెచ్చిన అప్పులు, భరణం బకాయిలు విడుదల వచ్చినా మిగిలే ఉంటాయి.

అన్నిటికంటే బాధ కలిగించేది జామీను. మీకు విడుదల వచ్చినా మీ తరఫున సంతకం పెట్టినవారికి రాదు. అన్న, స్నేహితుడు, పొదుపు సంఘంలో కలిసి అప్పు తీసుకున్న తోటి మహిళలు ఆ బాకీ మోయాల్సిందే. పిటిషన్ వేయకముందే వాళ్లతో కూర్చుని మాట్లాడాలి. కోర్టు నోటీసు చూసి వాళ్లు తెలుసుకోకూడదు.

ప్రకటనతో పని అయిపోలేదు

చాలామంది దివాలా ప్రకటన రాగానే గెలిచామనుకుంటారు. ఆ ఉత్తర్వులోనే కోర్టు ఒక గడువు పెడుతుంది. ఆలోపు విడుదల కోసం మరో దరఖాస్తు వేయాలి. వేయకపోతే ప్రకటనే రద్దవుతుంది, రక్షణ పోతుంది, కోర్టు అనుమతి లేకుండా రెండోసారి ఐపీ వేయడానికీ వీలుండదు. ఆ తేదీని ఇంట్లో క్యాలెండర్ మీద రాసి పెట్టుకోండి.

విడుదల దగ్గర ఇంకో పరీక్ష ఉంది. హామీ లేని అప్పుల్లో రూపాయికి 50 పైసలైనా మీ ఆస్తితో తీరకపోతే పూర్తి విడుదల ఆగొచ్చు. మన ఉదాహరణలో 12 లక్షల అప్పుకు 5 లక్షల ఆస్తి, అంటే రూపాయికి సుమారు 42 పైసలు. అయితే ఆ పరిస్థితికి తాను బాధ్యుడిని కానని కోర్టుకు చూపగలిగితే అడ్డంకి తొలగుతుంది. కరువు, ఎండిన బోరు, ఆసుపత్రి ఖర్చు, డబ్బు ఎగ్గొట్టిన కొనుగోలుదారు. వీటికి కాగితాలు కావాలి. బోరు వేసిన బిల్లు, ఆసుపత్రి రసీదులు, కరువు మండలంగా ప్రకటించిన ఉత్తర్వు నకలు మొదటి నెలలోనే ఫైల్‌లో పెట్టుకోండి.

విడుదల వచ్చేలోపు తాను దివాలా అని చెప్పకుండా 50 రూపాయలో, అంతకు మించో అప్పు తీసుకున్నా నేరమే. ఆరు నెలల వరకు జైలు శిక్ష పడొచ్చు.

ఈలోపు వేధింపులు ఎదురైతే

రుణాలిచ్చే బ్యాంకులు, ఫైనాన్స్ సంస్థల రికవరీ ఏజెంట్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదని రిజర్వ్ బ్యాంకు నిబంధన. మైక్రోఫైనాన్స్ రుణాలకైతే ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత కూడదు. లోన్ యాప్ మోసాలకు 1930కి ఫోన్ చేయండి. అప్పుల దిగులుతో నిద్ర పట్టకపోయినా, చావు ఆలోచనలు వచ్చినా టెలీమానస్ 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు. తెలుగులో మాట్లాడతారు.

మన ఉదాహరణలోని వ్యాపారి పొలాన్ని తన పేరే ఉంచుకుని, ఆ 2 లక్షలను బావమరిదికి కట్టకుండా అలాగే ఉంచి, పుస్తకాలు పట్టుకుని మొదటి నెలలోనే సలహాకు వెళ్లి ఉంటే ఆయన చేతిలో 5 లక్షలు కాదు, 7 లక్షలు ఉండేవి. 12 లక్షల అప్పుకు రూపాయికి 58 పైసలు. 50 పైసల గీత దాటినట్టే. ఆ లెక్కతో లోక్ అదాలత్‌లో కూర్చుంటే ఐపీ దాకా పోకుండానే తేలిపోయే అవకాశమూ ఉండేది.